ఎవరైనా ఎక్కించుకోవచ్చు

తాడిపత్రి బస్టాండుకు ఎదురు వరసలో నాకొక పాటల అంగడి ఉండేది. తొంభైల చివరి సంవత్సరాల మాట. ఒక పక్క పంక్చర్లు వేసే అంగడి, ఇంకో పక్క సోడాల బండి, మధ్యలో ఒక మంచం పట్టేంత జాగా. అందులో రెండు డబుల్ డెక్ టేప్ రికార్డర్లు, గోడ పొడుగునా క్యాసెట్లు, బయట 'ఇచ్చట పాటలు ఎక్కించబడును' అని ఎర్ర అక్షరాల బోర్డు. జనం కావలసిన సినిమా పాటలు చీటీ మీద రాసుకొచ్చేవాళ్లు. నేను వాటిని కంపెనీ క్యాసెట్లలో వెతికి, ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. లారీ డ్రైవర్లకు ఒక రకం, పెండ్లి బస్సులకు ఒక రకం, భజన మందిరాలకు ఇంకో రకం. మా నాయన శెనక్కాయ పంటను నమ్ముకుని వరసగా మూడేండ్లు దెబ్బతిన్నాక, నన్ను చేను వైపు రావద్దని ఈ అంగడి పెట్టించాడు. వాన పడినా పడకున్నా జనం పాటలు వింటారు గదా అన్నాడు.

నేను చేసే పని తప్పని నాకు తెలియదా అంటే తెలుసు. ప్రతి కంపెనీ క్యాసెట్ అట్ట మీదా అడుగున సన్న అక్షరాల్లో రాసి ఉండేది, అనుమతి లేకుండా కాపీ చేయడం నేరమని. ఆ అక్షరాలను రోజూ చూస్తూ రోజూ అదే పని చేశాను. ఊళ్లో ఏ పాటల అంగడైనా అంతే గదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఒక రోజు పగటిపూట ఒకామె వచ్చి అంగడి ముందు నిలబడింది. నలభై దగ్గర ఉంటాయి. చీర అంచు పైకి జానెడు దాకా తెల్లగా బిరుసెక్కి ఉంది. అది చూస్తే చాలు, ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుందని మా ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు. రాతిని అరగదీసేటప్పుడు కారే బురదనీళ్లు ఆరితే అట్లా సున్నంలా అంటుకుపోతాయి. చేతిలో ఒక పాత హాజరు పుస్తకం ఉంది.

"ఏమప్పా, క్యాసెట్లో నుంచి క్యాసెట్లోకేనా, నోట్లో నుంచి గూడా ఎక్కిస్తావా?" అని అడిగింది.

"పాడేది ఎవురక్కా?"

"నేనే."

"ఎవురి పాటలు?"

"నావే. నేను కట్టినవి."

అంతవరకూ నా అంగడికి వచ్చి ఎవరూ ఆ మాట అనలేదు. ఒకటి పాడమన్నాను. ఆమె సిగ్గుపడలేదు, గొంతు సవరించుకోలేదు. పుస్తకం తెరవకుండానే, బస్సుల మోతలో, నిలబడిన చోటే మొదలుపెట్టింది.

"రాయికేమో మెరుగొచ్చె, రెక్కకేమొచ్చె చెల్లీ
అద్దమల్లె బండ మెరిసె, అందులో నా మొగమేదే చెల్లీ"

మిషన్ల హోరు మీదుగా పక్కవాళ్లకు వినిపించేలా పాడిన గొంతు అది. సన్నగా ఉండదు, తీయగా ఉండదు. గట్టిగా, నిలకడగా ఉంటుంది. చివర్లో మాత్రం కొంచెం జీర వస్తుంది. సోడాలాయన గోలీ కొట్టబోయి చేయి ఆపేశాడు. నాకు సంగీతం తెలియదు. కానీ రోజంతా పాటలు వినే పని కాబట్టి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోగలను. ఈ పాట ఎక్కడి నుంచీ వచ్చింది కాదు.

ఏడో తరగతి వరకు చదివిందట. ఫ్యాక్టరీలో పాలిషైన బండలను ఎత్తి పేర్చే పని. తోటి ఆడవాళ్లతో పాడుకోవడానికి పాటలు కట్టడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ గుమాస్తా పారేసిన హాజరు పుస్తకంలో, పేర్ల వరసల పక్కనున్న ఖాళీ గళ్ల మీదుగా రాసుకుంది. ఇరవై దాకా ఉన్నాయి. బోరు వేయించి బోరు మిషన్ వాళ్లకు కోళ్లు కోసి పెట్టి, చుక్క నీళ్లు చూడని ఊరి గురించి ఒకటుంది. అది వింటే నవ్వొస్తుంది, మళ్లీ తలుచుకుంటే రాదు. లారీలో బండల మీద కూర్చుని బెంగుళూరు దాకా పోయిన పెండ్లికూతురి మీద ఒకటి ఉంది.

"ఎందుకక్కా ఎక్కించడం?" అన్నాను.

"ఎండాకాలం పనుల్లేక ఒకొక్కరే బళ్లారి దిక్కు, బెంగుళూరు దిక్కు పోతాండారు. ఆడ పాడుకోవల్లంటే గుర్తు లేదంటారు. ఒక క్యాసెట్ ఉంటే బాగుంటాది."

రికార్డింగ్ అంటే నాకేమీ తెలియదు. షామియానాల అంగడిలో మైకు అద్దెకు తెచ్చాను. నా అంగడిలో మైకు పెడితే పాట కంటే బస్సు కండక్టర్ల విజిళ్లే ఎక్కువ పడ్డాయి. డోలక్ వాయించడానికి మాకు తెలిసిన ఒక ముసల్మాను పెద్దాయన ఉన్నాడు. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. పీర్ల పండగకూ, నాటకాలకూ వాయించేవాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. ఆయనే దారి చూపించాడు.

"మా ఇంటికి రాండప్పా. పరుపులు నాలుగు దిక్కులా నిలబెడితే శబ్దం లోపలికి రాదు."

అట్లాగే చేశాం. ఫ్యాక్టరీకి సెలవున్న రోజు పొద్దున, ఆయన ఇంటి వసారాలో కొత్త పరుపులు తొమ్మిది నిలబెట్టి, మధ్యలో ఆమెను కూర్చోబెట్టాం. ఉక్కపోతకు ముగ్గురం తడిసిపోయాం. కరెంటు రెండుసార్లు పోయింది. మూడో పాట మధ్యలో రోడ్డు మీద ఒక లారీ బొయ్యిమని హారన్ కొట్టింది. పరుపులు కూడా దాన్ని ఆపలేకపోయాయి. అయిదో పాటలో మామ డోలక్ వేగం పెంచేస్తే, ఆమె పాట ఆపకుండానే చరణానికీ చరణానికీ మధ్య "నిదానం అన్నా" అంది. మళ్లీ పాడదామా అంటే వద్దంది.

"నేను పనిలో పాడేటప్పుడు ఇంతకంటే మోతగా ఉంటాది. ఉండనీలే."

ఎనిమిది పాటలు అయ్యాయి. టేపు ఆపబోతుంటే చేయి ఎత్తి ఆపింది. "మొదుట్లో కొంచెం ఖాళీ పెట్టినావా? నేనొక మాట చెప్పల్ల" అంది. క్యాసెట్ వెనక్కి తిప్పాను. ఆమె ముందుగా తన పేరు, ఊరి పేరు చెప్పింది. తరువాత చెప్పిన మాటలు ఇవి:

"ఈ పాటలు నేను కట్టినవి. రెండో పాట రాగం, ఆరో పాట రాగం మాత్రం మా అవ్వలవి. మాటలు నావి. ఎవురైనా ఎక్కించుకోవచ్చు, ఎవురికైనా ఇయ్యొచ్చు. దుడ్లకు అమ్మొద్దండి. మాటలు మార్చొద్దండి. ఎవురివని అడిగితే నా పేరు చెప్పండి."

ఇంట్లో అనుకుని వచ్చిన మాటలు కావచ్చు. ఎక్కడా తడుముకోలేదు. ఊరికే ఇస్తున్నప్పుడు పేరెందుకని అడిగాను.

"పదైదేండ్ల నుంచి బండలు ఎత్తుతాండా. యాడెక్కడి ఇండ్లల్లోనో పరిచినారు. ఏ బండ మీదా నేనెత్తినానని ఉండదు. అది రాయి, పోనీ. పాట అట్ల కాదు గదప్పా."

ఆమె పేరు నేను ఈ పేజీల్లో రాయడం లేదు. రాసే ముందు అడిగాను. "పాట నాది, దాని మీద నా పేరు ఉండల్ల. నువ్వు రాసేది నీది. దాంట్లో నా పేరెందుకు?" అంది. అందుకని ఇక్కడ అక్క అనే రాస్తున్నాను.

మొదట యాభై క్యాసెట్లు ఎక్కించాం. ఖాళీ క్యాసెట్ ధర మాత్రం తీసుకుని ఇచ్చాను. తరువాత లెక్క నాకు తెలియదు, ఎందుకంటే ఎక్కించేవాళ్లు నేనొక్కణ్ణే కాదు. లారీ డ్రైవర్లు తీసుకుపోయారు. ఒక డ్రైవర్ నుంచి ఇంకో డ్రైవర్ ఎక్కించుకున్నాడు. ఏడాది తిరగక ముందే ఒకసారి ఉరవకొండలో మా సొంత అక్కయ్య ఇంటికి పోయి, టీ హోటల్లో కూర్చుని ఉంటే ఆ గొంతు వినపడింది. పాట సగంలో లారీ హారన్ మోగింది. రోడ్డు మీద కాదు, టేపులో. నేను హోటలాయన్ను అడిగాను, ఇది ఎవరిదని.

"ఎవురో తాడిపత్రి ఆయమ్మంట. నీకు కావల్లంటే ఎక్కించుకో. మొదుట్లోనే చెప్తాది, ఎక్కించుకోండని" అంటూ క్యాసెట్ వెనక్కి తిప్పి ఆ మాటలు వినిపించాడు. అప్పటికి ఆ క్యాసెట్ ఎన్ని చేతులు మారిందో, గొంతు నీళ్లలో నుంచి వస్తున్నట్టు మసకగా ఉంది. కానీ ఒక్క మాట తెగలేదు. దాన్ని మొదట ఎక్కించింది నేనే అని ఆయనకు చెప్పలేదు. టీ తాగి, బయటికొచ్చి, బస్సు ఎక్కేదాకా మనసు తేలికగా ఉంది.

మరుసటి ఎండాకాలం హోల్‌సేల్ వ్యాపారి తెచ్చిన కొత్త సరుకులో ఒక జానపద గీతాల క్యాసెట్ ఉంది. దూరాన పెద్ద పట్నంలో ఉన్న ఒక కంపెనీది. అట్ట మీద పూల జడ వేసుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. పెట్టి విన్నాను. మొదటి పాట మా అక్కది. రెండోది కూడా. మా రికార్డింగే. మసక పోగొట్టడానికి ఏదో చేసినట్టున్నారు, వెనకాల ఎలక్ట్రానిక్ తాళం ఒకటి కలిపారు. ఆమె మొదట్లో చెప్పిన మాటలు మాత్రం తీసేశారు. అట్ట మీద రచన అన్నచోట 'సంప్రదాయం' అని ఉంది. అడుగున సన్న అక్షరాల్లో అన్ని హక్కులూ కంపెనీవని, కాపీ చేయడం శిక్షార్హమైన నేరమని ఉంది.

అక్కకు చూపించాను. బొమ్మలోని అమ్మాయిని చాలాసేపు చూసింది.

"బాగుంది పాప" అంది. అట్టను తిప్పి అడుగు అక్షరాలు చదివింది. మళ్లీ చదివింది. "నేను ఎక్కించుకోండని చెప్పినా. వీళ్లు ఎక్కించుకోవద్దంటాండారు. నా పాటనే."

ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. నేను యథాప్రకారం ఆమె క్యాసెట్ అడిగినవాళ్లకు ఎక్కించి ఇస్తూనే ఉన్నాను. నెల తరువాత ఒక పొద్దున జీపు వచ్చి ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్లతో పాటు బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన దిగారు. ఆయన ఆ కంపెనీ మనిషి. జిల్లాలో దొంగ క్యాసెట్ల మీద ఫిర్యాదు ఇస్తూ తిరుగుతున్నాడు. గోడ మీది క్యాసెట్లన్నీ గోనెసంచుల్లో వేశారు. టేప్ రికార్డర్ల వైర్లు పీకి ఎత్తుకున్నారు. డెక్‌లో అప్పుడు తిరుగుతున్నది అక్క పాటే. కంపెనీ ఆయన దాన్ని బయటికి తీసి ఎస్సైకి ప్రత్యేకంగా చూపించడానికి జేబులో వేసుకున్నాడు.

స్టేషన్లో నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. పరుపుల మామకు సోడాలాయన చెప్పినట్టున్నాడు. మామ సైకిల్ మీద ఫ్యాక్టరీకి పోయి అక్కకు కబురు చెప్పాడు. గంట తిరక్కుండా ఇద్దరూ వచ్చారు. ఆమె పనిలో నుంచి ఉన్నదున్నట్టు వచ్చేసింది. కాళ్లకు తడి బురద ఇంకా ఆరలేదు. కొంగున ఏదో గట్టిగా ముడివేసుకుని ఉంది.

ఎస్సై మా సీమ మనిషే, నడివయసు ఆయన. "ఏమ్మా?" అన్నాడు.

"ఆ పాటలు నావి సార్."

కంపెనీ ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "ఇవి జానపదాలండీ. ఎవరో ఒకరు రాసినవి కావు. తరతరాలుగా వస్తున్నవి. ఎవరివీ కావు."

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఎవురివీ కాకపోతే మీవెట్లయితాయి సార్?"

ఆయన రికార్డింగు హక్కు గురించి చెప్పబోయాడు. తమ స్టూడియోలో తమ ఖర్చుతో తయారైన రికార్డింగు అన్నాడు. అక్క ఎస్సైని, ఒక్కసారి ఆ కంపెనీ క్యాసెట్ పెట్టమని అడిగింది. నా టేప్ రికార్డర్‌నే గోనెసంచి మీద పెట్టి ఆన్ చేశారు. పాట సాగింది. లారీ హారన్ వచ్చింది.

"స్టూడియోలో లారీ ఉంటాదా సార్?" అంది. ఎవరూ నవ్వలేదు. "ఇంకొక పాట పెట్టండి. రెండో చరణం అయినాక వినండి."

విన్నాం. ఎలక్ట్రానిక్ తాళం కింద నుంచి, సన్నగా, కానీ స్పష్టంగా, "నిదానం అన్నా" అని వినపడింది. మామ తల వంచుకున్నాడు. "నాకే సార్ చెప్పింది. ఆ పొద్దు నేనే తొందరపడినా" అన్నాడు.

అప్పుడు ఆమె కొంగు ముడి విప్పింది. మేము మొదట రికార్డు చేసిన అసలు క్యాసెట్ అది, ఆమె ఇంట్లో ఉండేది, వచ్చే దారిలో ఆగి తీసుకొచ్చింది. హాజరు పుస్తకం కూడా మామ చేతి సంచిలో ఉంది. ఎస్సై మొదటి మాటలు విన్నాడు. పుస్తకం పేజీలు తిప్పాడు. కొట్టివేతలు, మార్చిన మాటలు, పక్కన ఫ్యాక్టరీ పనివాళ్ల పేర్లు. కంపెనీ ఆయన వైపు చూసి, "ఈ పాటల మీద మీ ఫిర్యాదు నేను తీసుకోలేను" అన్నాడు. తరువాత నావైపు తిరిగాడు. "సినిమా పాటల సంగతి మాత్రం వేరే. అవి నువ్వు కట్టినవి కాదు, నీకు ఎక్కించుకోమని ఎవురూ చెప్పలేదు. వాటి మీద కేసు ఉంటాది."

అది న్యాయమే. వాయిదాలకు తిరిగాను. చివరికి తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను.

స్టేషన్ బయట వేపచెట్టు నీడలో నిలబడినప్పుడు నేను కంపెనీ వాళ్లను తిట్టడం మొదలుపెట్టాను. దొంగలు అన్నాను. అక్క కాసేపు విని, "నువ్వు చేసింది గూడా అదే గదప్పా" అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఆ సినిమా పాటలు గూడా ఎవురో ఒకరు కూర్చుని కట్టింటారు. వాళ్లకూ ఒక పుస్తకం ఉంటాది గదా." ఇట్లని మామ సైకిల్ వెనక కూర్చుని ఫ్యాక్టరీకి పోయింది, సగం రోజు కూలీ అయినా దక్కుతుందని.

ఆ మాట నన్ను వెంటనే మార్చిందని చెబితే అబద్ధం. అప్పు చేసి కొన్న పాత మిషన్ మీద ఇంకో ఏడాది దాకా దొంగచాటుగా సినిమా పాటలు ఎక్కిస్తూనే ఉన్నాను. కానీ చీటీ తీసుకునే ప్రతిసారీ ఆ పుస్తకం కళ్లముందు కదిలేది. చివరికి మానేశాను.

అక్కకు ఫిర్యాదు తప్పిపోవడం చాలలేదు. అట్ట మీద 'సంప్రదాయం' అని ఉండటం ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. అనంతపురంలో ఒక లాయరమ్మ ఉందని మామ వాళ్ల బంధువులు చెబితే ముగ్గురం బస్సెక్కి పోయాం. ఆ లాయరమ్మ చాలా ఓపికగా చెప్పింది. పాట కాగితం మీద పెట్టిన క్షణం నుంచే అది రాసినవాళ్ల సొత్తు, ఎక్కడా రిజిస్టర్ చేయించకపోయినా సరే. ఊరికే ఇచ్చినంత మాత్రాన సొత్తు పోదు. ఏ షరతు మీద ఇచ్చారో ఆ షరతు నిలుస్తుంది. పాడినందుకు ఒక హక్కు ఉంది. రాగం పాతదైతే దాని మీద ఎవరికీ హక్కు లేదు. ఆ మాట వినగానే అక్క తృప్తిగా తల ఊపింది.

తరువాత లాయరమ్మ నావైపు చూసి, "రికార్డింగు చేసింది మీరేనా? అయితే ఆ రికార్డింగు మీద హక్కు చట్టప్రకారం మీది" అంది.

పాట వేరు, రికార్డింగు వేరు అని అంతవరకూ నాకు తట్టలేదు. మొదట కలిగింది గర్వం. దాచుకోకుండా చెబుతాను, ఆ రోజు తిరుగు బస్సులో నేను అక్కతో సరిగా మాట్లాడలేదు.

ఈ సంగతి కంపెనీ వాళ్లకు ముందే తెలిసినట్టుంది. లాయరమ్మ పంపిన నోటీసు అందిన వారానికే ఆ బ్రీఫ్‌కేసు ఆయన ఒంటరిగా నా అంగడికి వచ్చాడు. రికార్డింగు హక్కు తమకు రాసిస్తే, కొత్త మిషన్లు ఇప్పిస్తామని, జిల్లాకంతా డీలర్‌షిప్ ఇస్తామని చెప్పాడు. ఖాళీ గోడ వైపు చూస్తూ విన్నాను. ఆలోచించి చెబుతానన్నాను. వద్దని అప్పటికప్పుడు ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు బాధే.

మరుసటి రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి అక్కతో ఉన్నదంతా చెప్పాను. ఆమె బతిమాలుతుందని, లేకపోతే కోప్పడుతుందని అనుకున్నాను.

"నీ చేతిలో ఉండేది నీది. నేను చెప్తే నువ్వు చేస్తే అది నాదైతాది. నువ్వే చూసుకో అప్పా" అని లోపలికి పోయింది.

నేను గేటు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. లోపల మిషన్లు మొదలయ్యాయి. వాటి మీదుగా ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఆ మధ్యాహ్నమే లాయరమ్మ దగ్గరికి పోయి కాగితం రాయించాను. ఆ రికార్డింగును, అక్క చెప్పిన షరతుల మీద, ఎవరైనా ఎక్కించుకోవచ్చని. అక్కడే సంతకం చేశాను.

కంపెనీ చివరికి అక్కకే ఒక ఒప్పందం పంపింది. ఇంకా పాటలు పాడితే తామే వేస్తామని, బొమ్మ కూడా ఆమెదే వేస్తామని. లాయరమ్మ ఆఫీసులో కూర్చుని ఆమె ఆ నాలుగు పేజీలనూ వేలితో ఒక్కో మాట మీదుగా జరుపుతూ చదివింది. తెలియని మాట వచ్చిన ప్రతిచోటా ఆగి అడిగింది. 'సర్వహక్కులు' అంటే ఏమి. 'శాశ్వతముగా' అంటే ఎంతకాలం. 'ఏ రూపముననైనను' అంటే ఏయే రూపాలు.

"అంటే రేపు నేను బండ ఎత్తుతా పాడుకున్నా వీళ్లనడగల్లనా?"

"కాగితం ప్రకారం అట్లాంటి అర్థమే వస్తుంది" అంది లాయరమ్మ.

అక్క కాగితాలు సర్ది, అంచులు కలిపి, వెనక్కి ఇచ్చేసింది. తనకు కావలసినవి మూడే అంది. మాటలు తనవని రాయాలి. రెండు రాగాలు అవ్వలవని రాయాలి. కాపీ చేయొద్దన్న వాక్యం తీసేయాలి. కంపెనీ ఆ మూడూ చేయలేదు. ఉన్న సరుకు అమ్ముకుని, ఆ క్యాసెట్ మళ్లీ వేయకుండా ఆపేసింది. మాటలు ఆమెవేనని, ఇకముందు వాడుకోబోమని ఒక ఉత్తరం మాత్రం పంపింది. అక్క ఆ ఉత్తరాన్ని తోటి ఆడవాళ్లకు చదివి వినిపించింది. కోర్టుకు పోతే ఇంకా గట్టిగా గెలవొచ్చని లాయరమ్మ అంటే, అన్ని రోజులు పని మానుకోలేనంది.

తరువాతి సంవత్సరాల్లో క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. నా అంగడిని స్థానికుల రికార్డింగుల అంగడిగా మార్చుకున్నాను. భజన బృందాలు, నాటకాల వాళ్లు, పీర్ల పాటల వాళ్లు వచ్చేవాళ్లు. ఒక్కొక్కరినీ మొదట ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి, మాట ఎవరిది, రాగం ఎవరిది అని. చాలామందికి విసుగొచ్చేది. అక్కవి ఇంకో పన్నెండు పాటలు రికార్డు చేశాం. ప్రతిసారీ మొదట్లో ఆ మాటలు తప్పకుండా చెప్పింది.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేండ్లు అయ్యాక, అనంతపురంలో కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం అక్క పాటలు సేకరించడానికి వచ్చింది. ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడివాళ్లయినా దించుకోవచ్చని, పాట కట్టినవాళ్లే తమ షరతులు తాము చెప్పుకునే పద్ధతి ఒకటి ఉందని చెప్పింది. మేడం, అక్క, నేను ముగ్గురం నెట్ సెంటర్‌కు పోయాం. మామ రాలేకపోయాడు, అప్పటికి ఆయనకు చూపు తగ్గింది. నెట్ సెంటర్‌లో అక్క కుర్చీ అంచున కూర్చుంది. మేడం తెర మీదున్న ప్రశ్నలను ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది.

"ఎవరైనా కాపీ చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చు."

"మీ పేరు చెప్పాలా?"

"చెప్పల్ల."

"అమ్ముకోవచ్చా?"

"వద్దు."

"మార్చుకోవచ్చా? అంటే మాటలు మార్చి, ఇంకేదైనా కలిపి పాడుకోవచ్చా?"

వద్దంటుందని నేను అనుకున్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "పోయిన ఏడు బళ్లారి దిక్కు పనికి పోయిన ఆడోళ్లు వచ్చి నా పాటే పాడినారు. నడమ రెండు చరణాలు వాళ్లవి. మిరపకాయలు ఎండబోసే పని మీద కట్టుకున్నారు. కండ్ల మంట మీద. నాకు రాని మాటలు అవి. బాగుండాయి." తెర వైపు చూసింది. "మార్చుకోనీ మేడం. మారిస్తే ఎవురు మార్చినారో వాళ్ల పేరు గూడా చెప్పమను. నా పేరు ఒక్కటే ఉంటే అది గూడా తప్పే గదా."

మేడం గళ్లలో గుర్తులు పెట్టింది. పాట పైకి ఎక్కడం మొదలైంది. తెర మీద పచ్చగీత చాలా నెమ్మదిగా సాగుతోంది. ఒక పాటకు అరగంట పట్టేలా ఉంది. నేను అలవాటు ప్రకారం కరెంటు పోతుందేమోనని భయపడుతూ కూర్చున్నాను. అక్క మాత్రం ఆ గీతను చూడటం లేదు. మేడం దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, ఆ మిరపకాయల చరణాలు మరిచిపోక ముందే రాసుకుంటోంది. వాటి కింద, పాడినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, నలుగురివీ రాసింది.